రేడియో పెట్టెలో రొద: కారణము, నివారణము



ఈ దినము నేను మీతో ముచ్చటింపబోవునది చూపునకు చిన్న విషయము. మన యూళ్లలో గ్రంథాలయమునకో, భజనమందిరమునకో, పంచాయతీ చావడికో కుఱ్ఱవాండ్రు స్వయముగా కూర్చుకొన్న రేడియో పెట్టెలు, ధ్వనివర్ధకములు మీరు చూచియే యుందురు. మీట నొక్కగానే మాటకంటె ముందుగా వాని నుండి ఒక రొద బయలుదేరును. కొన్ని పెట్టెలలో అది తుమ్మెద ఝంకారమువలె మంద్రముగా నుండును. కొన్నింటిలో ఱంపముతో కొయ్య కోసినట్లు బరబర వినవచ్చును. ఈ రొద యెచ్చటినుండి వచ్చును? తక్కువ ఖర్చుతో దానిని మాన్పుట యెట్లు? మాన్పబోయి ప్రాణముమీదికి తెచ్చుకొనకుండుట యెట్లు? ఈ మూడింటిని గూర్చియే నేను చెప్పదలచినది.

ఇది పనివాండ్ర విషయము గదా, పెద్దల కేల యని మీరడుగవచ్చును. పనిచేయువాడు కుఱ్ఱవాడైనను, సొమ్మిచ్చువారును, ఆ పెట్టెచుట్టు చేరు పిల్లలకు ఉత్తరవాదులును పెద్దలే. వాతావరణ వార్తగాని, ధాన్యపు ధరగాని, తుపాను హెచ్చరికగాని ఆ రొదలో మునిగి వినబడక పోయినచో నష్టము ఊరివారిది. అందుచేత పనిచేయు నేర్పు మీకు లేకున్నను, పని యెట్లు జరుగవలెనో తెలిసియుండుట మేలు.

మదరాసులో ఆలిండియా రేడియో కేంద్రము 1938 సంవత్సరము జూన్ 16వ తేదీన నెలకొన్నది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. ఆ కాలమున విద్యుత్తు రాని పల్లెలలో రేడియో బ్యాటరీలమీదనే పలుకుచుండెను. బ్యాటరీనుండి వచ్చు విద్యుత్తు ఒకే దిక్కున, ఒకే తీరున పాఱును గనుక ఈ విధమైన రొదకు అచ్చట తావు లేదు. గోడలోని తీగనుండి విద్యుత్తును తీసికొన మొదలిడినప్పటినుండియే ఈ చిక్కు మన పాలబడినది. ఏలయో చూతము.

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. అది సెకనునకు 50 మారులు ముందునకు, 50 మారులు వెనుకకు పాఱును. రేడియో పెట్టెకు కావలసినదో, అయిదో తొమ్మిదో వోల్టుల ఏకముఖ విద్యుత్తు. కావున మూడు పనులు జరుగవలెను. మొదటిది, వోల్టులను తగ్గించుట. దీనిని ట్రాన్సుఫార్మరు చేయును. రెండవది, వెనుకకు పోవు ప్రవాహమును గూడ ముందునకే మఱలించుట. దీనిని నాలుగు డయోడులు కలిసి చేయును. వీనికే రెక్టిఫయరని పేరు. మూడవది, తునుకలు తునుకలుగా వచ్చు ప్రవాహమును ఎడతెగని ధారగా మార్చుట. దీనిని కండెన్సరు చేయును.

ఏతము తొక్కుట మీరెఱిగినదే. బాన మునిగి లేచి ఒక్కసారిగా నీరు క్రుమ్మరించును, మరల మునుగును. ఆ నీరు నేరుగా మడికి పోయినచో ఒకసారి వఱద, ఒకసారి ఎండ. నడుమ ఒక తొట్టి కట్టి, దానికి చిన్న తూము పెట్టినచో కాలువలో నీరు ఇంచుమించు సమముగా పాఱును. ఇచ్చట బాన క్రుమ్మరించునది రెక్టిఫయరు, తొట్టి కండెన్సరు, మడి రేడియో. అయితే బాన వచ్చినప్పుడెల్ల తొట్టిలో మట్టము కొంచెము పెరుగును, ఆ పిమ్మట కొంచెము తఱుగును. ఈ హెచ్చుతగ్గులే రేడియోలో ఝంకారముగా వినబడును. ముందువెనుక రెండు ప్రవాహములను వాడుకొనుటచేత బాన సెకనునకు 100 మారులు వచ్చును గనుక ఆ ఝంకారము 100 ఆవృత్తుల మంద్రస్వరము.

లెక్క చూడుడు. రేడియో 100 మిల్లీఆంపియర్లు త్రాగుచున్నదనుకొందము. కండెన్సరు 1000 మైక్రోఫారడులదైనచో మట్టములో హెచ్చుతగ్గు ఇంచుమించు 1 వోల్టు. 2200 మైక్రోఫారడులదైనచో అర వోల్టునకు లోపల. కండెన్సరు పెద్దదైన కొలది అల చిన్నదగును. ఇది సత్యమే. ఈ సత్యమును పట్టుకొనియే పలువురు, రొద యేదైనను సరే, “పెద్ద కండెన్సరు వేయుము” అని చెప్పుదురు. ఇచ్చటనే చిక్కు మొదలగును.

తొట్టి నిండుగా నున్నప్పుడు బాన దాని అంచును దాటి లేచినప్పుడు మాత్రమే నీరు పడును గదా. అటులనే కండెన్సరు వోల్టుకంటె ట్రాన్సుఫార్మరు వోల్టు ఎక్కువైన ఆ కొద్ది క్షణమునందే డయోడులు తెఱచుకొనును. ఒక్కొక్క వంతు కాలము సెకనులో నూఱవ భాగము, అనగా 10 మిల్లీసెకనులు. అందులో డయోడులు తెఱచి యుండునది ఒకటి రెండు మిల్లీసెకనులే. 10 మిల్లీసెకనులకు సరిపడు విద్యుత్తు అంతయు ఆ రెండింటిలోనే పాఱవలెను. కావున రేడియో త్రాగునది 100 మిల్లీఆంపియర్లైనను, నింపు వేళ ప్రవాహము దానికి అయిదు రెట్లు, ఎనిమిది రెట్లు కూడ లేచును. కండెన్సరును పెంచిన కొలది నింపు వేళ మఱింత కుఱుచయై ఆ పోటు మఱింత ఎత్తగును. మంద్రమైన ఝంకారము తగ్గును గాని, ఱంపపు కోతవంటి రెండవ రొద హెచ్చుటకు అవకాశము కలుగును.

ఆ రెండవ రొద యెట్లు పుట్టునో యిప్పుడు చెప్పెదను. 1904వ సంవత్సరమున ఇంగ్లండులో ఫ్లెమింగు అను శాస్త్రజ్ఞుడు శూన్యము చేసిన గాజుబుడ్డితో, విద్యుత్తును ఒక దిక్కున మాత్రమే పోనిచ్చు సాధనమును నిర్మించి దానికి వాల్వు అని పేరు పెట్టెను. మన బోరుబావి గొట్టములోని ఫుట్ వాల్వు ఎట్లు నీటిని పైకి పోనిచ్చి క్రిందికి దిగనీయదో, ఇదియు అట్టిదే. అదే సంవత్సరమున మన జగదీశచంద్ర బోసుగారికి గెలీనా అను ఖనిజపు స్ఫటికముతో విద్యుత్తరంగములను కనిపెట్టు సాధనమునకు అమెరికాలో పేటెంటు లభించినది. నేటి సిలికాను డయోడు ఈ స్ఫటికముల వంశములోనిదే.

మోటారు ఆపినప్పుడు పెద్ద గొట్టములో ఏమి జరుగునో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పైకి పోవుచున్న నీరు నిలిచి, వెనుకకు జాఱ మొదలిడును. వాల్వు రెక్క తత్క్షణమే మూసికొనదు. కొంత నీరు వెనుకకు జాఱిన పిమ్మట టపీమని మూసికొనును. ఆ దెబ్బకు గొట్టమంతయు అదరును. సాధారణ సిలికాను డయోడు చేయునదియు ఇదే. ముందునకు పాఱు ప్రవాహము ఆగిన పిమ్మట దానిలోపల కొంత విద్యుదావేశము మిగిలియుండును. అది తీఱువఱకు డయోడు మూసికొనక, ప్రవాహమును వెనుకకు పోనిచ్చి, పిదప తటాలున మూయును. 1 ఎన్ 4007 అను పేరుగల డయోడు అంగళ్లలో అన్నిటికంటె తఱచుగా దొరకునది. దానికి ఈ మూసికొనుటలో పట్టు ఆలస్యము కొన్ని మైక్రోసెకనులు మొదలు కొన్ని పదుల మైక్రోసెకనుల వఱకు నుండును.

డయోడు తటాలున మూసినప్పుడు అదరు గొట్టమేది? ట్రాన్సుఫార్మరు చుట్లే. ఆ చుట్లకు స్వభావసిద్ధముగా ఒక స్వరము కలదు. గుడిగంటను ఒక్కసారి కొట్టినచో అది తన స్వరముతో చాలసేపు మ్రోగినట్లు, డయోడు మూసిన దెబ్బకు ఆ చుట్లు వేల, లక్షల ఆవృత్తులతో మ్రోగి క్రమముగా అణగును. ఆ స్వరము మన చెవికందునది కాదు. కాని ఆ దెబ్బ సెకనునకు 100 మారులు పడుచుండును గనుక, దాని పునరావృత్తి మనకు బరబరగా వినబడును. అంతేకాదు, ఆ లక్షల ఆవృత్తుల మ్రోత రేడియో తరంగముల జాతిలోనిదే గనుక తీగలను అంటిపట్టుకొనక గాలిలోనికిని ప్రాకి, ప్రక్కనున్న ఏరియలులో జొరబడును.

గాజుబుడ్డి వాల్వులలో ఈ మిగులు ఆవేశము లేదు. అందుచేత పాత సెట్టులో రెక్టిఫయరు వాల్వు పాడైనప్పుడు దానికి బదులు సిలికాను డయోడును పెట్టినచో, అంతకుముందు లేని బరబర పుట్టుట కద్దు. వోల్టులు కూడ పెరిగి తక్కిన భాగములకు కీడు కలుగవచ్చును. అట్టి మార్పు తెలిసినవారే చేయవలెను.

ఇక నివారణము. వైద్యుడు మందిచ్చుటకు ముందు నాడి చూచినట్లు, రొద జాతిని ముందు తెలిసికొనవలెను. ఇందుకు మూడు పరీక్షలు చాలును. మొదటిది, పెట్టెను గోడవిద్యుత్తునుండి పూర్తిగా విడదీసి, తగిన వోల్టుల బ్యాటరీమీద నడపి చూచుట. రొద పోయినచో తప్పు విద్యుత్తు నిచ్చు భాగమునందే యున్నది. పోనిచో వెదకవలసినది వేఱుచోట. రెండవది, ధ్వని తగ్గించు మీటను పూర్తిగా త్రిప్పి చూచుట. అప్పుడును రొద తగ్గకున్న, అది ఆ మీట దాటిన పిమ్మట కలియుచున్నదని గ్రహింపవలెను. మూడవది, రేడియోలో ముల్లును ఏ కేంద్రమును లేనిచోట నిలిపి వినుట. అచ్చట నిశ్శబ్దముగా నుండి, కేంద్రమును పట్టుకొన్నప్పుడు మాత్రమే ఝంకారము వచ్చినచో, అది మూడవ జాతి రొద. దానిని గూర్చి ముందు చెప్పి ముగించెదను. దాని మందు మిక్కిలి సులభము.

రేడియో తరంగములు ఏరియలులోనికే గాక ఇంటి విద్యుత్తు తీగలలోనికిని ప్రవేశించును. డయోడులు సెకనునకు 100 మారులు తెఱచి మూయుచుండుటచేత, ఆ తీగలమీదుగా వచ్చు తరంగమునకు దారి నూఱు మారులు తెగి అతుకుచుండును. ఆ విధముగా తునుకలైన తరంగము మరల ఏరియలును చేరి కేంద్రపు మాటలోనే ఝంకారమును కలుపును. అందువలన ముల్లు కేంద్రముమీద లేనప్పుడు రొద వినరాదు. దీనికి మందు, నాలుగు డయోడులలో ప్రతిదాని రెండు కొనలకును అడ్డముగా 0.01 మైక్రోఫారడు సెరామిక్ కండెన్సరు నొకదానిని కలుపుట. 10 లక్షల ఆవృత్తుల తరంగమునకు అది 16 ఓముల అడ్డు మాత్రమే. 100 ఆవృత్తుల ప్రవాహమునకో, లక్షా 59 వేల ఓముల గోడ. అనగా డయోడు తెఱచినను మూసినను రేడియో తరంగమునకు దారి యెప్పుడును తెఱచియే యుండును. తెగుట అతుకుట లేదు గనుక ఝంకారము లేదు.

ఇక ఱంపపు రొద. దీనికి రెండు మార్గములు. మొదటిది, మెత్తగా మూసికొను వాల్వును పెట్టుట. షాట్కీ డయోడు అనునది ఆవేశమును నిలువ చేసికొనని జాతి. 1 ఎన్ 5819 అనునది 1 ఆంపియరునకును, 40 వోల్టులకును తగినది. 9 వోల్టుల ట్రాన్సుఫార్మరు, నాలుగు డయోడుల కూర్పు గల పెట్టెకు ఇది సరిపోవును; ఏలయన ఆ కూర్పులో డయోడు ఓర్చుకొనవలసినది ఇంచుమించు 13 వోల్టులు, భారము లేనప్పుడు మఱికొంత. వోల్టులు ఎక్కువగల పెట్టెలలో దీనిని వేయరాదు. అచ్చట యు.ఎఫ్. 4007 అను త్వరగా మూసికొను డయోడు కలదు; దాని ఆలస్యము సెకనులో కోటవ భాగమునకు లోపలనే.

రెండవ మార్గము, గంటమీద చేయి వేయుట. మ్రోగుచున్న గంటను అరచేత పట్టుకొన్నచో మ్రోత ఆగును గదా. ఇచ్చట ఆ చేయి ఒక నిరోధకము. 0.15 మైక్రోఫారడు కండెన్సరును, దానికి వరుసగా ఒక నిరోధకమును కలిపి, ట్రాన్సుఫార్మరు తక్కువ వోల్టుల వైపు రెండు కొనలకును అడ్డముగా పెట్టవలెను. వానికి ప్రక్కగా 0.01 మైక్రోఫారడు కండెన్సరు నొకదానిని విడిగా కలుపవలెను. కండెన్సరు మాత్రమే పెట్టి నిరోధకమును మానినచో గంట స్వరము తగ్గునేగాని మ్రోగుట మానదు. నిరోధకము విలువ ట్రాన్సుఫార్మరును బట్టి మారును. 10 ఓములు మొదలు 100 ఓముల వఱకు మార్చి చూడవలెను. ఇందుకు ఖరీదైన యంత్రము లేకున్నను పని జరుగును. బ్యాటరీతో నడచు చేతి రేడియోలో మీడియం వేవు తక్కువ ఆవృత్తుల కొనయందు కేంద్రము లేనిచోట ముల్లు నిలిపి, పెట్టె ప్రక్కన పెట్టుడు. రెక్టిఫయరు రొద అందులో వినబడును. ఏ నిరోధకముతో అది అన్నిటికంటె తక్కువగా వినబడునో అదియే తగినది. మార్చిన ప్రతిసారియు ముందు గోడనుండి ప్లగ్గును లాగి పిమ్మటనే చేయి పెట్టవలెను.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైనదియు, పైస ఖర్చు లేనిదియు చెప్పుచున్నాను. అది తీగల అమరిక. చిన్న పెట్టెలో దూరము అను మందు దొరకదు. క్రమము ఒక్కటే దిక్కు.

ఒక గ్రామ గ్రంథాలయమున నేను చూచిన పెట్టె సంగతి చెప్పెదను. సాయంకాలమున వార్తాపత్రికను చదివి వినిపించుటకై అచ్చటి యువకులు ఎనిమిది అంగుళముల పెట్టెలో ధ్వనివర్ధకమును చక్కగా కూర్చిరి. పని నీటుగనే యున్నది, కాని మైకు తెఱవగానే బరబర. ఎవరో చెప్పగా 1000 మైక్రోఫారడుల కండెన్సరును తీసి 4700 దానిని పెట్టిరి. బరబర మఱింత కఱకైనది. పిమ్మట వేఱొకరు వచ్చి ప్లగ్గులోని ఎర్తు తీగను తీసివైచిరి. రొద కొంత తగ్గినది. అందఱును సంతోషించిరి. నేను పెట్టెను విప్పి చూడగా, ధ్వనివర్ధకపు సున్న తీగ, అనగా నేలతీగ, డయోడులకును కండెన్సరునకును నడుమ అతుకబడి యున్నది. ఆ తునుకగుండనే నింపు వేళ విద్యుత్తు పోటు సెకనునకు 100 మారులు పాఱుచున్నది.

ఇందలి లెక్క వినుడు. అర మిల్లీమీటరు మందముగల రాగితీగ ఒక అడుగు పొడవునకు ఇంచుమించు 0.026 ఓముల అడ్డు నిచ్చును. అది లేనట్లే యని తోచును. కాని 1 ఆంపియరు పోటు దానిగుండ పాఱినప్పుడు 26 మిల్లీవోల్టులు పుట్టును. మైకు పుట్టించు మాట కొన్ని మిల్లీవోల్టులే. మాటకంటె రొద పెద్దదైనప్పుడు వర్ధకము రెండింటిని సమముగానే పెంచును. దానికి మాట యేదో రొద యేదో తెలియదు. నేను మొదట ఎర్తు తీగను మరల బిగింపించితిని. ఆ పిమ్మట యువకులు ఆ నేలతీగను తీసి కండెన్సరు కొననుండియే విడిగా అతికిరి. బరబర ఇంచుమించు పోయినది. మిగిలిన సన్నని సొదను నిరోధకము, కండెన్సరుల జోడు మాన్పినది. 4700 కండెన్సరునకు పని లేకపోయినది.

దీనినుండి సూత్రము గ్రహింపుడు. బాన నీరు పడు కాలువనుండి మడికి తూము తీయరాదు, తొట్టినుండియే తీయవలెను. ట్రాన్సుఫార్మరునుండి డయోడులకు, డయోడులనుండి కండెన్సరునకు పోవు తీగలు పొట్టివిగాను, జతజతగా పురి పెట్టినవిగాను ఉండవలెను. జతతీగలలో పోవునది, వచ్చునది ప్రక్కప్రక్కన నుండుటచేత ఒకదాని ప్రభావమును మఱియొకటి తుడిచివేయును. ఈ మూడు భాగములును ఒక మూలనుండవలెను. మైకుతీగ, ఏరియలు కడ్డీ ఎదుటి మూలనుండవలెను. పెట్టె లోహపు తొడుగునకు నేలతీగను ఒక్కచోట మాత్రమే, కండెన్సరు దాటిన పిమ్మట, కలుపవలెను.

ట్రాన్సుఫార్మరు తనచుట్టు ఒక అయస్కాంతక్షేత్రమును విసరుచుండును. అది అన్ని దిక్కులకును సమము కాదు. కావున మరలు బిగించుటకు ముందు దానిని కొంచెము కొంచెముగా త్రిప్పి, రొద తక్కువగా నున్న దిక్కున బిగింపవలెను. ప్రతిసారియు ప్లగ్గు లాగి త్రిప్పవలెను. అప్పటికిని చాలనిచో ట్రాన్సుఫార్మరు, డయోడులు, మొదటి కండెన్సరు మూడింటిని వేఱొక చిన్నపెట్టెలో పెట్టి, ఏకముఖ విద్యుత్తును మాత్రము తీగతో తీసికొని పోవచ్చును. అయితే ఆ మూడింటిని ఒకదాని నుండి ఒకటి విడదీయరాదు. విడదీసినచో నింపు పోట్లు ఆ పొడుగుతీగ వెంట నడచును.

మంద్రమైన ఝంకారము ఇంకను మిగిలినచో, పెద్దతొట్టికి బదులు రెండు తొట్లు కట్టవలెను. మొదటి కండెన్సరు పిమ్మట 10 ఓముల నిరోధకము, దాని పిమ్మట 1000 మైక్రోఫారడుల మఱియొక కండెన్సరు. ఆ నిరోధకముమీద 100 మిల్లీఆంపియర్లకు 1 వోల్టు పోవును. కాని అల ఆఱవవంతునకు తగ్గును. పిమ్మట 7805 వంటి నియంత్రకమును పెట్టినచో 100 ఆవృత్తుల అల వేయి రెట్లకు పైగా అణగును. దానికి లోనికి పోవు వోల్టు ఎప్పుడును 7కు తగ్గకుండ చూడవలెను. అయితే ఒక హెచ్చరిక. నియంత్రకము మంద్రపు అలను ఆపునేగాని లక్షల ఆవృత్తుల మ్రోతను ఆపలేదు. అది దానిని దాటిపోవును. అందుచేతనే గంటను గంటదగ్గఱనే పట్టుకొనవలెనని నేను చెప్పుట.

సెల్‌ఫోను చార్జరులతో రేడియో నడపువారికి ఒక మాట. వానిలో విద్యుత్తు సెకనునకు వేల, లక్షల మారులు తెఱచి మూయబడును. ఆ మ్రోత మీడియం వేవులో పలుచోట్ల వినబడును. మంచి చార్జరును వాడుట, దానిని ఏరియలునకు దూరముగా పెట్టుట, దాని తీగను ఫెరైటు ఉంగరమునకు ఏడెనిమిది చుట్లు చుట్టుట ఇందుకు ఉపాయములు.

ఇక ప్రాణరక్షణ విషయము. ఎర్తు తీగను తీసినచో రొద తగ్గవచ్చును, ఇది నిజమే. అందుకే ఈ దురభ్యాసము వ్యాపించినది. కాని ఆ తీగ రొదకొఱకు పెట్టినది కాదు. పెట్టెలో ఎప్పుడైన 230 వోల్టుల తీగ ఊడి లోహపు తొడుగును తాకినచో, ఎర్తు తీగ ఆ విద్యుత్తును నేలలోనికి కొనిపోయి ఫ్యూజును తెంపును. ఎర్తు లేనిచో ఆ తొడుగు తాకినవారి కొఱకు కాచుకొనియుండును. మైకు లోహపుదై, పట్టుకొన్నవాడు తడినేలమీద చెప్పులు లేక నిలిచి యున్నచో ఏమగునో నేను చెప్పనక్కఱలేదు. రొద చెవికి బాధ. ఎర్తు లేమి ప్రాణమునకు ముప్పు. రెండు పరికరములను కలిపినప్పుడు పుట్టు రొదకు వానిని ఒకే ప్లగ్గుపలకనుండి నడపుట గాని, మాటతీగ నడుమ చిన్న ట్రాన్సుఫార్మరును పెట్టుట గాని తగిన మార్గము. ఎర్తు తెంపుట మార్గము కాదు.

గోడవైపు 230 వోల్టులకు అడ్డముగా కండెన్సరు పెట్టవలసివచ్చినచో, అందులకే తయారైన, ఎక్స్ 2 అను గుర్తుగల దానినే పెట్టవలెను. సామాన్యమైనది పగిలి మంట పుట్టింపవచ్చును. పెద్ద కండెన్సరులకు ధన ఋణ కొనలు తాఱుమాఱైనచో అవి ప్రేలును. పాత వాల్వు సెట్టులలో ప్లగ్గు లాగిన పిమ్మటను కండెన్సరులలో 200, 300 వోల్టులు నిలిచియుండును; ట్రాన్సుఫార్మరు లేక ఏకముఖ, ఏకాంతర విద్యుత్తులు రెండింటితోను నడచు పాతసెట్టులలో లోపలి లోహపు చట్రమే గోడవిద్యుత్తుతో కలిసి యుండవచ్చును. అట్టివానిని పిల్లల చేతికీయకుడు.

కావున పెద్దలారా, మీ యూరి పెట్టె రొదచేయుచున్నదని, క్రొత్తది కొనవలెనని ఎవరైన సొమ్మడిగినచో మీరు నాలుగు ప్రశ్నలడుగుడు. బ్యాటరీమీద నడపి చూచితిరా? రొద మంద్రమైనదా, కఱకైనదా, కేంద్రముమీదనే వచ్చునదా? నేలతీగ కండెన్సరునుండి బయలుదేరినదా, దానికి ముందే తెగినదా? ఎర్తు తీగ ఉన్నదా? ఈ నాల్గవ ప్రశ్నకు లేదని జవాబు వచ్చినచో తక్కిన మూడింటి సంగతి పిమ్మట చూచుకొనవచ్చును. ముందు ఆ పెట్టెను ఆపించి, ఎర్తు బిగింపించుడు. మీ కుఱ్ఱవాండ్రు చేసికొన్న పెట్టెను పారవేయింపకుడు. చేతితో చేసినవాడే దాని లోపమును చేతితో దిద్దుకొనగలడు. అతనికి కావలసినది క్రమము చెప్పు పెద్ద ఒక్కడు.